ముద్దాయి తల్లి జబ్బు గురించి జ్యూరీకి చెప్పాలా?

పాఠకురాలి ఉత్తరం:

వకీలు గారికి నమస్కారాలు. మాది గుణుపురం. బరంపురంలో లా చదువుతున్నాను. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవానికి పర్లాకిమిడిలో తెలుగువాళ్ళం కలిసి తెలుగులోనే ఒక నమూనా విచారణ పెట్టుకుంటున్నాం. ఇప్పుడు మన కోర్టుల్లో జ్యూరీ లేకపోయినా, చూసేవాళ్ళకు ఆసక్తిగా ఉంటుందని జ్యూరీ పెట్టారు. తొమ్మిది మందీ ఊళ్ళోవాళ్ళే. రిటైరైన మాస్టారు, కిరాణా కొట్టు ఆయన, టైలరు, అంగన్‌వాడీ టీచరమ్మ, ఆటో నడిపే ఆయన, ఇలా. నాది ముద్దాయి పక్షం.

కేసు కల్పితం. జీడిపప్పు కొట్టులో పనిచేసే 19 ఏళ్ళ కొండ ఊరి సవర గిరిజన కుర్రాడు గల్లాపెట్టెలోంచి 64,000 రూపాయలు తీశాడని అభియోగం. రాత్రి పదింటికి షట్టరు దగ్గర అతను నిలబడి ఉండగా చూశానని ఎదురుగా టీ కొట్టు ఆయన సాక్ష్యం. తాళం పగల్లేదు. తాళంచెవులు మూడు. ఒకటి షావుకారు దగ్గర, ఒకటి గుమస్తా దగ్గర, మూడోది కొట్టు వెనక వరండాలో మేకుకు. మర్నాడు షావుకారు అడిగితే కుర్రాడు 'రాత్రి ఇటు రాలేదు' అన్నాడు. తర్వాత 'మర్చిపోయిన క్యారేజీ కోసం వచ్చాను, షట్టరు వేసుంటే తిరిగి వెళ్ళిపోయాను' అన్నాడు. వాళ్ళమ్మకు కిడ్నీ జబ్బు, ఆస్పత్రిలో ఉంది.

తుది వాదనకు నాకు పది నిమిషాలు. తల్లి జబ్బుతో మొదలుపెట్టి టీచరమ్మ చేత కంటతడి పెట్టించగలిగితే సగం కేసు గెలిచినట్టేనని సీనియర్లు అంటున్నారు. ఎథోస్, పాథోస్, లోగోస్ అని పుస్తకంలో చదివాను. మూడింటికీ తలా మూడు నిమిషాలు ఇవ్వనా? ఆ వారం వీధిదీపం వెలగలేదు కాబట్టి టీ కొట్టు ఆయన చూపు మీద గట్టిగా కొడదామనుకుంటున్నాను. చివర్లో ప్రాసతో ఒక మాట వదిలితే బాగుంటుందా? కాగితం చూసి చదవొచ్చా?

– ఒక లా విద్యార్థిని, గుణుపురం

సమాధానం:

అమ్మా, ముందు ఆ తల్లి సంగతి తేల్చేద్దాం. ఆమె జబ్బుతో మొదలుపెట్టకు. చివర్లో కూడా పెట్టకు. జ్యూరీ తన నిర్ణయం చెప్పేదాకా ఆ మాట నీ అంతట నువ్వు ఎత్తకపోతేనే మేలు. కోర్టులో కరుణకు చోటు లేదని కాదు. ఈ కుర్రాడు ఎందుకు దొంగతనం చేస్తాడు అన్న ప్రశ్నకు ప్రాసిక్యూషన్ దగ్గర గట్టి జవాబు లేదు. ఆ జవాబును నువ్వే తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెడుతున్నావు. ఆస్పత్రి మంచం, మందుల చీటీ, డయాలసిస్ ఖర్చు, ఇవన్నీ నువ్వు ఎంత కదిలించేలా చెప్తే అతనికి డబ్బు ఎంత అవసరమో అంత గట్టిగా రుజువవుతుంది. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటుంది, నిజమే. తుడుచుకుంటూనే 'పాపం, తల్లి కోసం తీసుంటాడు' అనుకుంటుంది. తీశాడని మనసులో ఖాయం చేసుకున్నాక పుట్టే పాపం అది. నీ పక్షానికి దానితో పనిలేదు.

అవతలివాళ్ళే ఆ మాట ఎత్తితే మాత్రం తప్పించుకోకు. 'ఇంట్లో మనిషి ఆస్పత్రిలో ఉంటే ఎవరికైనా డబ్బు కావాలి. ఈ ఊళ్ళో అలాంటి ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అవసరం ఉన్నంత మాత్రాన తాళం తెరుచుకోదు' అని రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్ళిపో.

తల్లి జబ్బుకు న్యాయంగా దక్కే చోటు వేరే ఉంది. సెషన్స్ కోర్టులో ముద్దాయి దోషి అని తేలాక, శిక్ష ఎంత అన్నదాని మీద అతని మాట విడిగా వినాలని 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 235వ సెక్షన్‌లో పెట్టారు. ఇప్పటి కొత్త చట్టంలోనూ ఆ ఏర్పాటు ఉంది. వయసు, కుటుంబం, జబ్బులు, ముందు నేరాలేమీ లేకపోవడం, ఇవన్నీ అప్పుడు చెప్పాలి. చేశాడా లేదా అని తేల్చే దగ్గర చెప్పే మాటలు, ఎంత శిక్ష వేయాలి అనే దగ్గర చెప్పే మాటలు వేరువేరు. ఈ రెండూ కలిపేసిన వాదనలు బరంపురం కోర్టు వరండాల్లో కూడా నేను చాలా విన్నాను. జడ్జి ముందైతే అది సమయం దండగ, అంతే. జ్యూరీ ముందైతే కేసుకే ముప్పు.

ఇక నీ పుస్తకం సంగతి. ఆ మూడు పేర్లూ అరిస్టాటిల్‌వి, క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దం నాటివి. చెప్పే మనిషి మీద వినేవాళ్ళకు కుదిరే నమ్మకం ఎథోస్. వాదనలో ఉన్న తర్కం లోగోస్. వినేవాళ్ళ మనసులో లేచే భావం పాథోస్. మూడూ వాడమని చెప్పిన ఆ పెద్దమనిషే, అదే గ్రంథం మొదట్లో ఒక హెచ్చరిక కూడా చేశాడు. న్యాయం చెప్పేవాళ్ళను కోపం వైపో అసూయ వైపో జాలి వైపో లాగడమంటే, కొలవబోయే కొలబద్దను ముందే వంకర చేసుకోవడమే అన్నాడు. ఏథెన్స్ కోర్టుల్ని కళ్ళారా చూసి అన్న మాట అది. అక్కడ ఒక్కో కేసుకు జ్యూరర్లు వందల్లో కూర్చునేవారు. ఎవరి కేసు వాళ్ళే చెప్పుకోవాలి, నీటిగడియారం పెట్టి సమయం కొలిచేవారు. మాటలు అయిపోగానే, తమలో తాము చర్చించుకోకుండానే ఓటు వేసేవారు. భార్యాపిల్లల్ని తీసుకొచ్చి జ్యూరీ ముందు ఏడిపించడం అక్కడ మామూలు సంగతి.

క్రీస్తుపూర్వం 399లో సోక్రటీస్ ఆ పని చేయనన్నాడు. అప్పటికి 70 ఏళ్ళు, ముగ్గురు కొడుకులు. వాళ్ళను ఇక్కడికి తీసుకురాను అని జ్యూరీకి చెప్పి మరీ తేలేదు. ఓడిపోయాడు. ఇంకో ముప్పై మంది ఇటు వైపు ఓటు వేసుంటే బయటపడేవాణ్ణని ఆయనే అన్నట్టు ప్లేటో రాశాడు. అంటే జాలి అడగకపోవడం వల్లే ఓడిపోయాడా? నాకు అలా తోచదు. నీకు ఏ శిక్ష సరిపోతుందో నువ్వే చెప్పు అంటే, నాకు ఊరి ఖర్చుతో భోజనం పెట్టాలి అన్న మనిషి ఆయన. జాలి అడగకుండా ఉండటం వేరు, ఎదురుగా కూర్చున్నవాళ్ళను చులకన చేయడం వేరు. నువ్వు మొదటిది నేర్చుకో, రెండోదాని జోలికి పోకు.

తలా మూడు నిమిషాలు పంచడం అన్నావు. అలా కుదరదమ్మా. ఆ మూడూ వేరువేరు ముక్కలు కావు. సరిగ్గా దొరికిన ఒక్క వాక్యంలో మూడూ ఉంటాయి. నీ కేసులో అలాంటి వాక్యం ఎక్కడ దొరుకుతుందంటే, నువ్వు దాచిపెడదామనుకుంటున్న చోటే. ఆ కుర్రాడు షావుకారుతో అబద్ధం చెప్పాడు. నీ ఉత్తరంలో దాన్ని ఎలా ఎదుర్కోవాలో అడగలేదు, అది నేను గమనించాను. అదే నీ కేసుకు గుండెకాయ. నువ్వు చెప్పకపోతే ప్రాసిక్యూషన్ చెప్తుంది, గట్టిగా చెప్తుంది. అప్పుడు జ్యూరీ నీ వైపు చూసి, ఈ అమ్మాయి మన దగ్గర దీన్ని దాచింది అనుకుంటుంది. ఆ క్షణం నుంచి నీ మిగతా మాటలేవీ వాళ్ళ చెవికెక్కవు. కాబట్టి మొదటి నిమిషంలోనే నువ్వే చెప్పెయ్యి. నేనైతే దాదాపు ఇలా చెప్తాను:

'అయ్యా, అమ్మా. ఈ అబ్బాయి మర్నాడు పొద్దున్న షావుకారు గారికి అబద్ధం చెప్పాడు. రాత్రి ఇటు రాలేదన్నాడు. వచ్చాడు. నేను దాన్ని దాచను, మీరూ మర్చిపోవద్దు. అయితే ఆ పొద్దున్న ఏం జరిగిందో కూడా చూడండి. గల్లాపెట్టె ఖాళీ అయిందని కొట్టంతా కేకలు. ఆ కొట్టులో అందరికంటే చిన్నవాణ్ణి, అందరికంటే తక్కువ జీతగాణ్ణి నిలబెట్టి రాత్రి ఇటొచ్చావా అని అడిగారు. తాళంచెవి జేబులో ఉన్న గుమస్తా గారిని ఆ మాట ఎవరూ అడగలేదు. అడగలేదని ఆయనే ఇక్కడ నిలబడి మీకు చెప్పారు.'

చివరి వాక్యం గుమస్తా క్రాస్‌లో, అంటే నువ్వు ఆయనకు ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, నిజంగా ఒప్పుకుంటేనే వాడు. అది నీ ఫైల్లో ఆయన వాంగ్మూలంలో ఉందో లేదో చూసుకో. ఉంటే, ఈ తొమ్మిది పది వాక్యాల్లో నీ మీద నమ్మకం కుదురుతుంది, తర్కం నడుస్తుంది, భయపడ్డ పిల్లాడి ముఖం జ్యూరీ కళ్ళ ముందు కదులుతుంది. భయపడ్డాడు అన్న మాట మాత్రం నువ్వు అనలేదు చూడు. వాళ్ళే అనుకుంటారు. వాళ్ళంతట వాళ్ళు అనుకున్న మాటను లోపల గదిలో ఇంకో జ్యూరరు కాదంటే, దాన్ని నిలబెట్టడానికి వాళ్ళే వాదిస్తారు. నువ్వు చెప్పిన మాటనైతే వదిలేస్తారు. వాదనలో ఆఖరి మెట్టు వినేవాళ్ళకు వదిలేయమని అరిస్టాటిల్ కూడా చెప్పాడు. పుస్తకంలో ఎంథిమీమ్ అని కనిపించేది అదే.

టీ కొట్టు ఆయన విషయంలో నీ ఆలోచన మార్చుకో. వీధిదీపం వెలగలేదు, చీకట్లో ఎలా గుర్తుపట్టావు అని ఆయన మీద పడితే నీకు ఒరిగేదేమీ లేదు. ఎందుకంటే షట్టరు దగ్గరికి వచ్చానని మన కుర్రాడే ఒప్పుకుంటున్నాడు. అతను ఒప్పుకున్నదాన్ని నువ్వు కాదంటే మీ ఇద్దరిలో ఒకరు అబద్ధమాడినట్టే. పైగా జ్యూరీలో ఉన్నది ఊరివాళ్ళు. ఎవరో ఒకరు రోజూ పొద్దున్నే అలాంటి కొట్టు ముందు నిలబడి టీ తాగేవాళ్ళే. కష్టపడి బతికే మనిషిని అబద్ధాలకోరుగా నిలబెట్టిన అమ్మాయి మీద వాళ్ళకు అభిమానం ఎలా వస్తుంది? ఎథోస్ తుది వాదన రోజున మొదలవ్వదు. సాక్షిని నువ్వు 'నువ్వు' అన్నావా 'మీరు' అన్నావా అన్న దగ్గర మొదలవుతుంది.

ఆయన్ని నీ సాక్షి చేసుకో. ఆయన చూసింది నిజమని జ్యూరీకి చెప్పు. తర్వాత ఆయన చూడనివి ఒక్కొక్కటీ వాళ్ళ ముందు పెట్టు. షట్టరు పైకి లేవడం ఆయన చూశానన్నారా? కుర్రాడు లోపలికి వెళ్ళడం చూశానన్నారా? చేతిలో సంచీతో బయటకు రావడం చూశానన్నారా? అతను నిలబడి ఉండగా చూశానన్నారు, అంతే. ఆ తర్వాత కిరాణా కొట్టు ఆయన వైపు ఒకసారి చూసి, 'రాత్రి పదింటికి, సందడి లేని వీధిలో, షట్టరు పైకెత్తితే ఎంత చప్పుడవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు' అని ఆగిపో. రోజూ రెండుసార్లు షట్టరు ఎత్తి దించే మనిషి ఆయన. మిగతా ఎనిమిది మందికీ లోపల ఆయనే చెప్తాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 'మీకు షట్టరు చప్పుడు వినిపించిందా' అని టీ కొట్టు ఆయన్ని క్రాస్‌లో అడగకు. ఆయన వాంగ్మూలంలో ఆ ప్రస్తావన లేకపోతే జవాబు ఏమొస్తుందో నీకు తెలియదు. 'ఆఁ, వినిపించింది' అంటే నీ కేసు అక్కడే అయిపోతుంది. ఆయన చెప్పనిదాన్ని చెప్పలేదని తుది వాదనలో ఎత్తి చూపడమే నీ హద్దు.

మూడో తాళంచెవి గురించి నిజాయితీగా ఉండు. వరండాలో మేకుకు వేలాడే చెవి ఎవరికైనా అందుతుంది, మన కుర్రాడికి కూడా. ఆ కూడా అన్నది నువ్వే అనాలి. 'ఇతనికీ అందుతుంది. ఆ సంగతి తెలిసిన ప్రతివాళ్ళకీ అందుతుంది. అందులో ఇతనొక్కణ్ణే ఎందుకు ఎంచారో ప్రాసిక్యూషన్ మీకు చెప్పాలి, చెప్పిందా?' రుజువు భారం వాళ్ళదేనని సెక్షన్లు వల్లించడం కంటే ఈ ప్రశ్న బాగా పనిచేస్తుంది. గుమస్తాయే దొంగ అని మాత్రం వేలు చూపకు. అది రుజువు చేయడం నీ పని కాదు. వేలు చూపావంటే ఆ బరువు నీ నెత్తిన పడుతుంది. నువ్వు రుజువు చేయలేకపోతే, ఆ లెక్కలో మన కుర్రాడే మిగులుతాడు.

నీ అసలు ప్రత్యర్థి అవతల కూర్చున్న ప్రాసిక్యూటరు కాదు. జ్యూరర్లు ఇంటి నుంచి వచ్చేటప్పుడే మనసులో పెట్టుకొచ్చే ఒక సామెత. నిప్పు లేనిదే పొగ రాదు. పోలీసులు ఊరికే పట్టుకుంటారా, ఏదో ఉండే ఉంటుంది అన్న నమ్మకం అది. దానికి ఎదురుగా తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు అన్న సామెత నీ నోటికి రావచ్చు. వద్దమ్మా. సామెతకు సామెత జవాబైతే వినడానికి బాగుంటుంది, తేలేది ఏమీ ఉండదు. ఆ పొగ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించు. అతని మీద అనుమానం పుట్టింది షట్టరు దగ్గర నిలబడటం వల్ల. నిలబడటానికి కారణం క్యారేజీ. ఆ క్యారేజీ మర్నాడు కొట్టులోనే దొరికిందా? నీ ఫైల్లో ఉన్న జప్తు కాగితాల్లో, కొట్టు సామాన్ల జాబితాలో ఆ ఒక్క వస్తువు కోసం వెతుకు. ఉంటే నీ పది నిమిషాల్లో రెండు నిమిషాలు దానికే ఇవ్వు. లేకపోతే క్యారేజీ మాట ఒక్కసారి మాత్రమే చెప్పి వదిలెయ్యి, ఊరికే సాగదీయకు.

ఇంతకీ పాథోస్ అసలే వద్దా? కావాలి. ఏ భావం లేపాలో ఎంచుకోవడంలోనే ఉంది పనితనం. జాలి మనిషిని పై మెట్టు మీద నిలబెట్టి కిందికి చూసేలా చేస్తుంది. నీకు కావాల్సింది జ్యూరరుకు తన పని బరువు తెలియడం. తప్పు చెప్తే దిద్దుకోవడం తన చేతుల్లో ఉండదన్న బెరుకు, అందరికీ ఒకే ప్రశ్న వేయలేదన్న చిన్న మంట. ఈ రెండూ సాక్ష్యంలోంచి పుట్టినవే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేరు. 'వందమంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు' అన్న మాట మన వకీళ్ళకు ఊతపదం అయిపోయింది. దాన్ని ఆ తొమ్మిది మంది ముందు అనకు. వాళ్ళలో కొట్లు నడిపేవాళ్ళున్నారు. వందమంది దొంగలు తప్పించుకోవడమనేది వాళ్ళకు ఏ మాత్రం ఇంపుగా ఉండదు. షావుకారు పోగొట్టుకున్న 64,000 ఆయన కష్టార్జితమని నువ్వే గౌరవంగా చెప్పు. 'ఆ డబ్బు తీసినవాళ్ళు దొరకాలి. తప్పు మనిషికి శిక్ష పడితే ఆ వెతుకులాట ఈరోజుతో ఆగిపోతుంది' అను. అది వాళ్ళకు తగులుతుంది.

కుర్రాడు సవర వాడు కాబట్టే అనుమానించారు అని కూడా నోటితో అనకు. మన వైపు అలాంటి చూపు ఉందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అది తలుచుకుంటే నాకు మనసు కుతకుతలాడుతుంది. కానీ జ్యూరీ ముందు ఆ మాట అంటే, ఎదురుగా కూర్చున్న తొమ్మిది మందినీ నిందించినట్టు అవుతుంది. నింద పడ్డ మనిషి తనను కాపాడుకునే పనిలో పడతాడు, నీ ముద్దాయిని పట్టించుకోడు. గుమస్తాను ఎవరూ అడగలేదు అన్న ఒక్క నిజం చాలు. ఎందుకు అడగలేదో వాళ్ళ మనసుకే తెలుస్తుంది.

కన్నీటితో గెలిచిన తీర్పు నిలుస్తుందా అన్నది మన దేశంలోనే ఒకసారి తేలింది. నౌకాదళ కమాండర్ నానావతి 1959 ఏప్రిల్‌లో తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ ఆహూజాను కాల్చి చంపిన కేసు. బొంబాయిలో తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. బయట ఒక వారపత్రిక ఆయన పక్షాన హోరెత్తించింది, నగరమంతా సానుభూతే. సెషన్స్ జడ్జి ఆ నిర్ణయం ఒప్పుకోలేదు. పాత కోడ్ 307వ సెక్షన్ కింద కేసును హైకోర్టుకు పంపాడు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ తర్వాత గవర్నరు క్షమాభిక్ష పెట్టడం వేరే కథ. మన దేశంలో అదే ఆఖరి జ్యూరీ కేసని చాలామంది చెప్తుంటారు, మీ సభలో ఎవరైనా అంటే దిద్దు. జ్యూరీని తీసేయమని లా కమిషన్ తన 14వ నివేదికలో 1958లోనే చెప్పింది. నానావతి తర్వాత కూడా కొన్నిచోట్ల జ్యూరీ నడిచింది. క్రిమినల్ కేసుల్లో పూర్తిగా పోయింది 1973 కోడ్‌తోనే.

మీ నమూనా విచారణకు అమెరికా పద్ధతి పెట్టుకుని ఉంటే రెండు మాటలు నీ నోటి నుంచి రాకూడదు. 'ఈ అబ్బాయి మీ కొడుకే అయితే' అనకూడదు. జ్యూరర్లను కక్షిదారు స్థానంలో నిలబెట్టి తీర్పు అడగడాన్ని అక్కడి కోర్టులు ఒప్పుకోవు, అవతలి వకీలు వెంటనే లేస్తాడు. 'ఇతను నిర్దోషి అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను' అని కూడా అనకూడదు. నువ్వు సాక్షివి కావు, నీ నమ్మకం సాక్ష్యం కాదు. ఈ రెండు నియమాలూ మీ విచారణలో లేకపోయినా పాటించు. వాటి వెనక ఉన్న బుద్ధి మంచిది.

ప్రాస గురించి. 1995లో అమెరికాలో ఓ.జె. సింప్సన్ కేసులో డిఫెన్స్ వకీలు జానీ కాక్రన్, గ్లవ్ పట్టకపోతే విడిచిపెట్టాల్సిందే అన్న అర్థంలో ప్రాస కుదిర్చి ఒక మాట అన్నాడు. ప్రపంచమంతా దాన్నే తలుచుకుంటుంది. అది పండటానికి కారణం ప్రాస కాదు. అంతకుముందే జ్యూరీ కళ్ళ ముందు సింప్సన్ ఆ గ్లవ్ తొడుక్కోబోయాడు, అది సరిగ్గా పట్టలేదు. వాళ్ళు చూసినదాన్నే ఆ మాట గుర్తుచేసింది. నీ కేసులో జ్యూరీ కళ్ళారా చూసేది ఏమైనా ఉంటే, అంటే తాళంచెవో క్యారేజీయో బల్ల మీద ఉంటే, ఆ వస్తువు చుట్టూ ఒక పొట్టి మాట అల్లుకో. లేదంటే ప్రాస వదిలెయ్యి. అవధానంలో చప్పట్లు కొట్టించే మాట, ఒక మనిషి జైలుకు వెళ్ళాలా వద్దా అని తేల్చే గదిలో తేలిపోతుంది.

నిడివి కూడా అంతే. 1908లో బొంబాయిలో రాజద్రోహం కేసులో తిలక్ తన కేసు తానే వాదించుకుంటూ జ్యూరీ ముందు రోజుల తరబడి, మొత్తం 21 గంటలకు పైగా మాట్లాడాడు. కేసు కేసరి పత్రికలో మరాఠీలో వచ్చిన వ్యాసాల మీద. జ్యూరీలో ఎక్కువమంది ఆ భాష రాని యూరోపియన్లు. ఏడుగురు దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు, ఆరేళ్ళ ప్రవాస శిక్ష పడి మాండలే వెళ్ళాడు. ఆ 21 గంటల వాదన ఈరోజు చదివేవాళ్ళు తక్కువ. జ్యూరీ నిర్ణయం విన్నాక ఆయన చెప్పిన కొద్దిపాటి మాటలు మాత్రం బొంబాయి హైకోర్టు గోడ మీద పలకలో ఉన్నాయి. నీకు ఇచ్చింది పది నిమిషాలు. ఎనిమిదిలో ముగించు.

ఆ తిలక్ కేసు నుంచి నువ్వు ఇంకోటి కూడా పట్టుకోవాలి. వినేవాళ్ళకు సాక్ష్యం నేరుగా అందాలి. మీ విచారణ జరిగేది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజున, ఆయన పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో. సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలని పాటుపడిన మనిషి ఆయన. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడి, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయాడు. అలాంటి రోజున 'సహేతుకమైన సంశయమునకు అతీతముగా' అని నువ్వు అన్నావంటే టైలరు గారు కిటికీలోంచి బయటకు చూస్తాడు. 'ఇది ఇతనే చేశాడని మీకు గట్టిగా అనిపించాలి. ఆలోచించినకొద్దీ ఏదో ఒకటి పొసగడం లేదనిపిస్తే, చట్టం ఇతన్ని వదలమంటోంది' అను. నీ యాస గుణుపురం యాస అయితే అలాగే ఉండనీ. బరంపురంలో నేర్చుకున్న ఇంగ్లీషు మాటల్లో వాళ్ళకు తెలిసిన కోర్టు, కేసు, సాక్షి, పోలీసు చాలు. అబ్జెక్షన్, ఎవిడెన్స్ లాంటివి జడ్జి స్థానంలో కూర్చున్న వాళ్ళకు చెప్పు, జ్యూరీకి కాదు.

కాగితం చూసి చదవకు, అలాగని బట్టీ కూడా పట్టకు. బట్టీ పట్టినదాంట్లో ఒక వాక్యం జారితే మిగతాదంతా జారుతుంది, ఆ కంగారు చూసినవాళ్ళకు నీ కేసు మీదే అనుమానం వస్తుంది. ఒక చిన్న చీటీ మీద తారీఖులు, వేళలు, 64,000 అన్న అంకె, ఎవరి చెవి ఎక్కడ ఉంది, సాక్షులు అన్న మాటల్లో నువ్వు ఉన్నదున్నట్టు చెప్పాల్సిన రెండు మూడు ముక్కలు రాసుకో. అవి చెప్పేటప్పుడు చీటీ వైపు చూసి చదివినా ఫరవాలేదు. ఈ అమ్మాయి అంకెలు ఊహించి చెప్పడం లేదు అనుకుంటారు. మొదటి నాలుగు వాక్యాలు, అంటే అబద్ధం చెప్పాడని ఒప్పుకునే ముక్క మాత్రం, చీటీ పక్కన పెట్టి వాళ్ళ ముఖాలు చూస్తూ చెప్పు. సభకు ముందు ఇంట్లో ఒకసారి అమ్మకూ నాన్నకూ, కేసు తెలియని పక్కింటివాళ్ళకూ వినిపించు. అయిపోయాక 'బాగా మాట్లాడావు' అంటే లెక్కలోకి తీసుకోకు. 'మరి ఆ గుమస్తాని ఎందుకు అడగలేదు?' అని వాళ్ళంతట వాళ్ళు అడిగితే నీ వాదన సిద్ధమైనట్టు.